టేపు కొస

నా పని కొస పట్టుకునుడు.
అటు కొసకు సుభాషిణి మేడం నిలబడి అంకె చదువుతది,
ఇటు కొస గోడకు ఆనించి నేను ఊపిరి బిగబడత.
నడుమ ఉన్నదంత ఆఫీసు భాషల పార్కింగు.

నల్లకుంటల ఆ బిల్డింగుకు అయిదంతస్తులు,
పర్మిషను నాలుగింటికి. అది వేరే ఫైలు.
బోనాల నెల, ఆకాశం నల్లగ ఉబ్బి ఉన్నది,
ఇయ్యాల మేం వచ్చింది కిందికి.
ర్యాంపు దిగుతుంటె కండ్లకన్న ముందు ముక్కుకు తెలుస్తది:
సంపు, తడి సిమెంటు, ఎవరిదో పోపు.
పోపు వాసన రాంగనే మేడం పెన్ను తీసింది.
కార్లు పోపు పెట్టుకోవు గద.

ప్లైవుడ్డు అడ్డం కొట్టి ఆరు అర్రలు చేసిండ్రు.
నక్షల ఏడో నంబరు కారు ఆగాల్సిన కాడ
యాకమ్మ ఉంటది, కొడుకు రణధీరు ఉంటడు,
ఒక మంచం, ఒక కుట్టుమిషను, ఒక నీళ్ళ డ్రమ్ము.
నెలకు నాలుగున్నర వేలు.
రసీదు అడిగితె ఓనరు పురుషోత్తం నవ్విండట:
"కారుకు రసీదెందుకమ్మా?"

ఎత్తు కొలిచినం.
ఫ్యాను రెక్కకు, నా వేళ్ళకు నడుమ జానెడు.
వెడల్పు కొలవనీకి మంచం జరిపితెగాని టేపు పోలే.
జరిపినంక కనపడ్డయి గోడ మీద గీతలు.
పెన్సిలువి నాలుగు, పక్కన తారీఖులు, పిల్లగాని ఎత్తు.
వాటిని కోసుకుంట ఒక మట్టిగీత,
ఈ మూలకెళ్ళి ఆ మూలదాక, ఎవరు గియ్యంది.

"అది పోయినేడు వాన," అన్నది యాకమ్మ,
ఇంటికొచ్చిన సుట్టం పేరు చెప్పినట్టు.
"అప్పుడు వీనికి గదుమ కాడికొచ్చింది.
ఇప్పుడైతె భుజాల కాడికే. పెరిగిండు గద."

నేను టేపు ఆనించిన. మేడం ఆనించమనలే.
మూడడుగుల నాలుగంగుళాలు.
అది రాయనీకి ఫారంల గడి లేదు.

"బయటపడనీకి ఇంకో దారి ఉన్నదా?"
ప్రతి సెల్లారుల అడిగేదే. అగ్గి అంటుకుంటె, నీళ్ళొస్తె.
యాకమ్మ వెంటిలేటరు దిక్కు చూసి
"చూపెట్టురా," అన్నది.
పిల్లగాడు మిషనెక్కిండు, మిషను మీదికెళ్ళి డ్రమ్ము,
జాలీ పీకేసిన సందులకు తల, ఒక భుజం, ఇంకో భుజం,
తెల్లటి అరికాళ్ళు రెండు, అంతే.
రోడ్డు మీద బైకు టైర్ల నడుమ తేలి
మమ్మల్ని వంగి చూసి నవ్విండు.
యాకమ్మ పెదవుల మీద లెక్క ఆగింది.
"పద్దెనిమిది. మొన్న ఇరవై రెండు పట్టింది, మేడం."

మరి నువ్వు, అని ఎవ్వరం అడగలే.
ఆ సందును నేను కొలవలే.
ఆమె ఎప్పుడో కొలుచుకునే ఉంటది.

రూలు తప్పని నేననను.
ఆ మట్టిగీత చూసినంక ఎట్లంట?
పదిహేను దినాలల్ల ఖాళీ చెయ్యాలని
నోటీసు అతికించిన చెయ్యి కూడ నాదే.
గోడ తడికి జిగురు పట్టలే, కాయితం రెండుసార్లు ఊడి పడ్డది.
యాకమ్మ లోపలికి పోయి
గిన్నెల ఇంత గంజి తెచ్చిచ్చింది.
గంజికి పట్టింది.

మాఘంల విద్యానగరుల ఇంకో ర్యాంపు దిగినం.
సంపు, తడి సిమెంటు. అర్రల ఎవ్వరు లేరు,
పొయ్యి మీద గిన్నె మాత్రం ఇంకా వెచ్చగున్నది.
మూలకు మిషను చూసి నేనే మంచం జరిపిన,
మేడం చెప్పకముందె.

కొత్త సున్నం గోడ.
ఒక్కటే పెన్సిలు గీత, పక్కన సంక్రాంతి దాటిన తారీఖు.
నా చెయ్యి దానంతటదే టేపు ఆనించింది.
పాత గీతల కన్న రెండంగుళాలు పైకి.
మట్టిగీత లేదు.
వానలకింకా నాలుగు నెలలున్నయి.

"గట్టిగ పట్టు," అన్నది మేడం అటు కొసకెళ్ళి,
"టేపు వదులైతున్నది."